హైదరాబాద్ పార్కుల్లో లాన్లు, సిమెంటు జింకలు దాటి చూడదగ్గవి ఏమున్నాయి?

మెట్టుగూడ_మూర్తి
కేబీఆర్ జాతీయ పార్కు లోపలి బాటలో వారానికి నాలుగు రోజులు నడక. కనపడేవి రెండే: నెమళ్లు, ముందు నడిచేవాళ్ల వీపులు. మిగతా పార్కులు ఇంకా అధ్వానం. లాన్, సిమెంటు జింక, ఓపెన్ జిమ్, "పచ్చికపై నడవరాదు" బోర్డు. మూడు జాతీయ పార్కులున్న ఊళ్లో చూడ్డానికి ఇంతేనా? ఎవరూ పట్టించుకోని మూలలు, రాళ్లు, నీళ్లు, చెట్లు ఉంటే చెప్పండి. ఎనిమిదేళ్ల పాప వెంట వస్తుంది. కారు లేదు, మెట్రో లేదా బస్సు. "మనసు పెట్టి చూడండి" అనే జవాబులు వద్దు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చూడాలో కావాలి.

ఇరానీ_చాయ్
సిమెంటు జింకని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఫోటో తీసేదాకా కదలకుండా నిలబడే జంతువు ఊళ్లో అదొక్కటే.

కంసాలిపిట్ట
మీకు అడ్డం మీ నడకే. గంటకి ఐదు కిలోమీటర్లు నడిస్తే నెమలి కంటే చిన్నది ఏదీ కంటికి ఆనదు. గేటు తెరవగానే లోపలికి వెళ్లి, ఒక్క కిలోమీటరుకి గంటన్నర పెట్టుకోండి. మీకు మెట్రో కూడా తేలికే: మెట్టుగూడలో ఎక్కితే రైలు మారకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. అక్కణ్ణుంచి నడిచేంత దూరం. మధ్యాహ్నం లోపలికి పంపరు, ఉదయం సాయంత్రం మాత్రమే.

బైనాక్యులర్ కొంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8x30 చాలు. 20x అని ఊరించేవి కొనకండి, చేతిలో వణుకు అంతా బొమ్మలో కనపడుతుంది. పిల్లలకైతే మరీ కష్టం.

పరుపుబండ
పిట్టలు ఎగిరిపోతాయి, ముందు ఎక్కడికీ పోని రాళ్లతో మొదలుపెట్టండి. ఈ ఊరి అసలు సంగతి అదే, పక్కనుంచి వెళ్లేవాళ్లు చూడనిదీ అదే. కేబీఆర్‌లో బాట పక్కన కనపడే గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ గుండ్లని ఎవరో దొర్లించుకొచ్చి పెట్టలేదు, పుట్టిన చోటే ఉన్నాయి.

ఎలాగో పాపకి చూపించొచ్చు. భూమి లోపల ఉన్నప్పుడే రాయికి నిలువుగా, అడ్డంగా పగుళ్లు పడ్డాయి, పెద్ద పెద్ద పెట్టెలు పేర్చినట్టు. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి రాయిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టి చేస్తాయి. పెట్టె మూలని మూడు వైపుల నుంచి తింటాయి, అంచుని రెండు వైపుల నుంచి, ముఖాన్ని ఒక వైపు నుంచే. అందుకే మూలలు ముందు పోయి పెట్టె గుండ్రమవుతుంది. చుట్టూ పుట్టిన మొరం వానలకి కొట్టుకుపోతే గుండు మీద గుండు మిగులుతుంది. చక్కెర క్యూబ్‌ని తడి వేళ్ల మధ్య కాసేపు తిప్పితే ఇదే కనపడుతుంది.

లోపల చూడాల్సినవి:

ఒకటి, పెచ్చులు. పెద్ద బండ పైపొర ఉల్లిపాయ పొరలా లేచి ఉంటుంది. బాట మీదే ఉన్న బండ మీద మడమతో నెమ్మదిగా తట్టండి. పెచ్చు లేచిన చోట డొల్ల చప్పుడు, లేవని చోట గట్టి చప్పుడు. పెచ్చుని ఎత్తి చూడకండి, కింద తేళ్లూ బల్లులూ కాపురం ఉంటాయి, ఒకసారి విరిగితే మళ్లీ ఆ ఇల్లు రాదు.

రెండు, చారలు. గులాబీ రంగు రాయిలో తెల్లగా, సూటిగా పోయే గీత క్వార్ట్జ్. చుట్టుపక్కల రాయి అరిగినా అది అరగదు, చేత్తో తడిమితే కొంచెం పైకి తగులుతుంది. నల్లరాయి గోడలా వరసగా వస్తే అది డోలరైట్. గ్రానైట్ పగులులోకి కింద నుంచి కరిగిన రాయి ఎక్కి గడ్డకట్టినది.

మూడు, గుండుకి ఉత్తరం వైపు. ఎండ దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి ఉత్తరం వైపు నీడ, చెమ్మ, నాచు. వానాకాలం కింది పగుళ్లలో చిన్న ఫెర్న్‌లు దొరుకుతాయి.

తంగేడు_వనం
పరుపుబండ చెప్పిన మూడోదానికి ఒక సవరణ. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, నీడ కాళ్ల కిందే. ఆ రెండు తేదీల మధ్య ఉత్తరం వైపు నుంచే కొడతాడు. అంటే జూన్ నెల మొదట్లో వాన ఆలస్యమైతే మీ ఉత్తరం నాచే ముందు మాడిపోతుంది. ఆగస్టు సగం దాటాక వెళితేనే మీ సూత్రం పనిచేస్తుంది.

పరుపుబండ
ఒప్పుకుంటున్నా. సెప్టెంబరు అని చదువుకోండి.

గచ్చిబౌలి_గణేశ్
రాళ్లు జూడాల్నంటే కేబీఆర్ ఎందుకు అన్నా, ఖాజాగూడ గుట్టలకు పోవాలె. ఆడ గుండ్లు ఇంటి సైజుల ఉంటయ్. ఇంకొకటి, శిల్పారామంల బేర్స్ నోస్ ఉన్నది. హెరిటేజ్ లిస్టుల ఉన్న బండ అది. జనం టికెట్ కొని లోపలికి పోయి గాజులు కొనుక్కొని వస్తరు, బండను ఒక్కడు జూడడు. హైటెక్ సిటీ మెట్రో నుంచి దగ్గరే.

మెట్టుగూడ_మూర్తి
శిల్పారామంలో హెరిటేజ్ బండ ఉందని ఇప్పుడే వింటున్నా. పాపకి గాజులు, నాకు బండ. ఇద్దరికీ సరిపోయింది.

పరుపుబండ
గణేశ్ చెప్పింది నిజమే. ఆ లిస్టులో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో బ్లూక్రాస్ పక్కన టోడ్‌స్టూల్, సెంట్రల్ యూనివర్సిటీ లోపల మష్రూమ్ రాక్, మౌలాలి దగ్గర సెంటినల్ రాక్. గొడుగు ఆకారం ఎందుకొస్తుందంటే, అడుగుభాగం చాలాకాలం మట్టిలో తడిగా ఉండి పై భాగం కంటే త్వరగా పొడి అయిపోయింది. తర్వాత మట్టి దిగిపోయింది. కాడ మీద మట్టి ఒకప్పుడు ఎంత ఎత్తు ఉండేదో ఆ నొక్కు చెబుతుంది. ఖాజాగూడ మాత్రం పార్కు కాదు, దారి గుర్తులుండవు. చిన్నపిల్లతో అయితే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

భీమిలి_తీరం
రాళ్లకే ఇంత సంబరమా? మా వైజాగ్ భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడండి. ఇసుక రేణువులకి ఇనుము తుప్పు పట్టి ఎర్రబడి, వాన కోసిన లోయలు ఒకదాని పక్కన ఒకటి. సముద్రం పక్కనే.

ఇరానీ_చాయ్
మెట్టుగూడ నుంచి భీమిలికి మెట్రో వేశాక చెబుతాం.

ఆరుద్ర_కార్తె
రాళ్ల గురించి అన్నీ చెప్పి దోనలు వదిలేశారు. పరుపులా పరుచుకున్న బండ మీద సొట్టలో వాననీళ్లు నిలిచే చోటు దోన. జూన్ నుంచి అక్టోబరు దాకా ఊళ్లో ఇంతకంటే జీవం ఉన్న చోటు లేదు, అయినా చాలామందికి అది బురదగుంట.

ఎలాంటి దోన చూడాలి: అడుగున రెండు మూడు వేళ్ల మందం మట్టి, కుళ్లిన ఆకు పేరుకున్నది. కడిగినట్టు శుభ్రంగా ఉన్నదాంట్లో ఏమీ ఉండదు. లోతు ముఖ్యం. వేలెడు లోతుది వాన ఆగితే పది రోజుల్లో ఇగిరిపోతుంది. మోకాలి లోతుది వానలు పోయాక కూడా రెండు మూడు నెలలు నిలుస్తుంది.

ఏం కనపడుతుంది: మొదటి వారం నీళ్లు టీ రంగులో ఉంటాయి. తర్వాత ఆవగింజ కంటే చిన్న జీవులు కుదుపు కుదుపుగా ఈదుతాయి. ఆపైన కప్పపిల్లలు. తూనీగ వచ్చి తోక కొసతో నీళ్లని తాటించి వెళుతుంటే అది గుడ్లు పెడుతున్నట్టు. చూసే పద్ధతి: అంచున కూర్చోండి, మీ నీడ నీళ్ల మీద పడకూడదు, ఐదు నిమిషాలు కదలకూడదు. నీడ పడగానే అన్నీ అడుక్కి పోతాయి. అందుకే "ఏమీ లేదు" అని వెళ్లిపోతారు.

జాతీయ పార్కులో నీళ్లు తియ్యడం, జీవిని పట్టడం చట్టప్రకారం నేరం, బాట దిగడం కూడా కుదరదు. బాట నుంచి కనపడేవే చూడండి. మీ కాలనీ పార్కులో తొట్టి ఉంటే ఒక గ్లాసు నీళ్లు తెల్ల పళ్లెంలో పోసి 10x భూతద్దంతో చూపించండి, చూశాక తిరిగి పోసెయ్యండి. పాప ఇంటికి రానంటుంది.

కంసాలిపిట్ట
దీనికే ఇంకోటి చేర్చండి, మీ పేరే కదా.

ఆరుద్ర_కార్తె
వస్తున్నా. ఆరుద్ర పురుగు. జూన్ 22 ప్రాంతంలో కార్తె మొదలు. అయితే పురుగు పంచాంగం చూడదు, నేల లోపలికి తడి దిగిన మొదటి మంచి వాన చూస్తుంది. మర్నాడు పొద్దున ఎండ ముదరక ముందే వెళ్లాలి. ఇసుక కలిసిన ఎర్ర నేల, గడ్డి పలచగా ఉన్న చోటు. ఎర్ర మఖమల్ గుడ్డ ముక్క కత్తిరించి కాళ్లు అతికించినట్టు ఉంటుంది. కొన్ని రోజులు తిరిగి మళ్లీ నేలలోకి పోతుంది, ఏడాది మొత్తంలో కనపడేది అంతే. పైకి వచ్చే కారణాల్లో ఒకటి తిండి: అదే వానకి పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి, రెక్కలు రాలి నేల మీద పడ్డవాటిని ఇవి తింటాయి.

లాన్ వేసిన పార్కులో దొరకవు. రోజూ నీళ్లు పట్టే నేలకి మొదటి వాన అంటూ ఉండదు కదా.

గచ్చిబౌలి_గణేశ్
చిన్నప్పుడు అగ్గిపెట్టెలల్ల పెట్టుకునేటోళ్లం అందరం. ఇప్పుడు పిల్లలకు తెల్వదు.

మెట్టుగూడ_మూర్తి
చెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కేబీఆర్‌లో నాకు అన్నీ ఒకే రకం పొదలా కనపడతాయి.

తంగేడు_వనం
ఒకే రకం కాదు, కానీ మార్చిలో వెళితే అలాగే అనిపిస్తుంది, ఆకులు రాలి ఉంటాయి. తేలిగ్గా గుర్తుపట్టే నాలుగింటితో మొదలుపెట్టండి.

అంకుడు, కొందరు పాలకొడిశ అంటారు. కాయలు జంటగా వేలాడతాయి, రెండు సన్నని కాయలు కింద కొసల దగ్గర అతుక్కుని ఉంటాయి, పట్టకారులా. తెల్ల పూలు మల్లెని తలపిస్తాయి, ఆకు తుంచితే పాలు. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే కర్ర ఇదే. పాప దగ్గర ఆ బొమ్మ ఉంటే చెట్టు కూడా చూపించండి.

నెమలినార: కాయ చుట్టూ గుండ్రటి పల్చటి రెక్క, రూపాయి బిళ్లంత. వేసవి గాలికి బాట మీద కుప్పలుగా పడతాయి. ఆకు నలిపితే కంపు.

మోదుగ: ఫిబ్రవరి చివర నుంచి మార్చి. ఆకు లేని కొమ్మ మీద నిప్పు రంగు పూలు. పొద్దున ఎనిమిది లోపు వెళితే ఒకే చెట్టు మీద నాలుగైదు రకాల పిట్టలు తేనె కోసం కొట్టుకుంటుంటాయి. చెట్లు గుర్తుపట్టడం వచ్చేదాకా మోదుగ కిందే కూర్చోండి, పిట్టలు వాటంతటవే వస్తాయి.

రేల: ఏప్రిల్, మే. పసుపు గుత్తులు. దీని లేత ఆకుల వెనక లేతాకుపచ్చ గొంగళిపురుగు ఉంటే ఎమిగ్రెంట్ జాతి సీతాకోకచిలుకది.

ఇవి కాక సాలెగూళ్లు. ముళ్లపొద మీద మాసిన గుడ్డపేలిక చుట్టినట్టు, ఎండుటాకులూ పురుగుల రెక్కలూ ఇరుక్కుని కనపడితే చెత్త అనుకోకండి. గుంపుగా బతికే సాలీళ్ల ఇల్లది. ఒకే గూట్లో పదులకొద్దీ ఉంటాయి. పగలు లోపలే. పెద్ద పురుగు వలలో పడి కొట్టుకుంటే మాత్రం నాలుగు వైపుల నుంచి బయటికొస్తాయి. పార్కు శుభ్రం చేసేటప్పుడు మొదట చీపురుకి బలయ్యేవి ఇవే.

ఇరానీ_చాయ్
ఉమ్మడి కుటుంబం బతికున్నది సాలీళ్లలోనే అన్నమాట.

మియాపూర్_లెన్స్
ఖాజాగూడ వైపు రాతి గుడ్లగూబ గూడు ఎక్కడుందో ఎవరికైనా తెలుసా? జీపీఎస్ పిన్ పెడితే ఆదివారం వస్తా. 600 ఎంఎం లెన్స్ ఉంది.

కంసాలిపిట్ట
పిన్ పెట్టేది లేదు. కారణం చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. అది పుల్లలతో గూడు కట్టదు. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య బండ అంచున వట్టి నేల మీద గుడ్లు పెడుతుంది. మనిషి దగ్గరికొస్తే తల్లి పట్టపగలే లేచిపోతుంది. లేవగానే కాకులు తరుముతాయి, వెనక్కి రావడానికి గంట పట్టొచ్చు. ఆ గంటలో గుడ్లు ఎండకి కాలే రాతి మీద ఉంటాయి. ఒక్క పిన్‌కి ఆదివారం ఇరవై మంది వస్తారు.

మియాపూర్_లెన్స్
నేను వంద మీటర్ల దూరం నుంచే తీస్తాను. అందరినీ ఒకే గాటన కట్టకండి. ఫోటోలు లేకపోతే ఆ గుట్టల్లో గుడ్లగూబ ఉందని ఎవరికి తెలుస్తుంది? తెలియకపోతే తవ్వేసినా అడిగేవాడు ఉండడు.

పరుపుబండ
రెండో మాట నిజం. పార్కు పేరు, కాలం చెప్పండి, గూడు చెప్పకండి. ఫోటో పిల్లలు ఎగిరిపోయాక పెట్టండి. రెండు పనులూ అవుతాయి.

నిర్వాహకుడు
గూడు లొకేషన్లు ఈ చర్చలో వద్దు. ఒక పోస్టు తీసేశాను.

కంసాలిపిట్ట
లెన్స్ గారికి బదులుగా ఒకటి, దీనికి పిన్ అక్కర్లేదు. పగిడికంటె అనే చిన్న గుడ్లగూబ. మర్రి, చింత లాంటి పాత చెట్టు తొర్ర ఉన్న ఏ పార్కులోనైనా ఉంటుంది. తొర్ర కింద నేల మీద తెల్ల రెట్ట మరకలు, పురుగుల రెక్కలు కనపడితే తల పైకెత్తండి. పొద్దు కుంకే వేళ తొర్ర అంచున జంటగా కూర్చుని మనల్నే చూస్తుంటాయి.

నా పేరు పిట్ట సంగతీ చెప్పాలి. కంసాలి పిట్ట ఎండిన కొమ్మకి అడుగువైపు గుండ్రటి కన్నం తొలుస్తుంది, జనవరి నుంచే. సరిగ్గా అప్పుడే కాలనీ పార్కుల్లో ఎండు కొమ్మలు కొట్టిస్తారు. బాట మీదకి, బెంచీ మీదకి వాలినవి కొట్టండి, ఎవరి నెత్తిన పడనివి ఉంచండి. కొట్టే ముందు కింద చూడండి, తాజా రంపపు పొట్టులాంటిది రాలి ఉంటే పైన ఇల్లు కడుతున్నారు.

డాలస్_సుబ్బు
డిసెంబరు చివర రెండు వారాలు వస్తున్నాం, పిల్లలతో. పైవన్నీ వానాకాలం ముచ్చట్లే. అప్పుడు ఏముంటుంది?

కంసాలిపిట్ట
నీళ్లు. అమీన్‌పూర్ చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. వలస బాతులు వస్తాయి, ఫ్లెమింగోలు కూడా దిగుతుంటాయి. ఇంకా నడి ఊళ్లోనే కావాలంటే బంజారాహిల్స్ లోటస్ పాండ్, పొద్దున ఏడింటికి. నుదుట తెల్ల నామంతో నల్లగా ఉండేవి నామాల కోళ్లు.

తంగేడు_వనం
వనస్థలిపురం వైపు హరిణ వనస్థలి కూడా చూడండి సుబ్బుగారూ. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం పేరు మీద పెట్టింది, 3,700 ఎకరాల పైమాటే. అందరూ కృష్ణజింకల కోసం వెళ్లి గడ్డిని చూడరు. డిసెంబరులో గడ్డి ఎండి బంగారం రంగుకి వస్తుంది. జింక ఎందుకక్కడ బతుకుతోందో ఆ గడ్డి చూస్తే అర్థమవుతుంది: దానికి పరుగెత్తే చోటు కావాలి, దూరం కనపడాలి. అక్కడ "పచ్చదనం" పేరుతో చెట్లు నింపితే జింకకి చెడుపే.

గోల్కొండ నయా ఖిలాలో హాతియాన్ కా ఝాడ్ కూడా. బావోబాబ్, ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి, వందల ఏళ్ల మాను. చుట్టుకొలత పాతిక మీటర్ల పైనే. గేటు దగ్గర పేరు రాసి పంపుతారు. చుట్టూ గోల్ఫ్ ఆడతారు, బంతి చూసుకుని నడవండి.

గచ్చిబౌలి_గణేశ్
మా దిక్కు పార్కుల లంటానా మస్తు పెరిగింది. మొత్తం పీకేద్దామంటే ఒకాయన సీతాకోకచిలుకలు పోతయ్ అంటడు. ఏం జెయ్యాలె?

తంగేడు_వనం
పీకండి, కానీ ఒక్కసారి కాదు. లంటానా పూలకి సీతాకోకచిలుకలు వస్తాయి, నిజమే. ఎక్కువ జాతులు గుడ్లు మాత్రం దాని మీద పెట్టవు. అది హోటలే, ఇల్లు కాదు. మూడో వంతు తీసి అక్కడ తంగేడు, జిల్లేడు, ఈశ్వరి, కరివేపాకు నాటి, అవి నిలదొక్కుకున్నాక మిగతాది.

కొడవలితో నరికితే మొదలు దగ్గర పది చిగుళ్లు వేసి ఇంకా గుబురవుతుంది. మొదలు చుట్టూ మట్టి తీసి, తల్లివేరుని నేల మట్టానికి మూడు నాలుగు అంగుళాల కింద గొడ్డలితో నరకాలి, చిగురించే గడ్డ మొత్తం పైకి రావాలి. తీసిన మొక్కని వేళ్లు పైకి తలకిందులుగా పెట్టి ఎండబెట్టండి. కాయ నల్లబడక ముందే చెయ్యాలి, లేకపోతే పిట్టలు విత్తనాలు మళ్లీ చల్లుతాయి. ఇది కాలనీ పార్కు మాట. అటవీ శాఖ పార్కుల్లో మనం చెయ్యి పెట్టకూడదు.

ఆరుద్ర_కార్తె
ఒక జాగ్రత్త. పొదల్లో, పగుళ్లలో వట్టి చేతులు పెట్టొద్దు, రక్తపింజర ఎండుటాకుల్లో కనపడదు. బండ చూరు కింద పెద్ద తేనెతుట్టె ఉంటే సెంటు పూసుకుని దగ్గరికి పోవద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని పరుగెత్తడమే, నీళ్లలో దూకితే పైనే కాసుకుని ఉంటాయి.

మెట్టుగూడ_మూర్తి
మా కాలనీ పార్కులో మొక్కలకి నీళ్లు పట్టే సిమెంటు తొట్టి ఉంది. ఈ పొద్దున లోపలి గోడకి, నీళ్లకి జానెడు పైన, పిడికిలంత తెల్లటి నురగ అంటుకుని ఉంది. సబ్బు నురగ అని మాలి పైపు పెట్టి కడగబోతే ఆపాను. ఏమిటది?

ఆరుద్ర_కార్తె
మంచి పని చేశారు. చెట్టుకప్ప గూడు. గుడ్లు ఆ నురగ లోపల ఉంటాయి. పైపొర గాలికి గట్టిపడి మీగడ కట్టినట్టవుతుంది, లోపల తడి ఆరదు. నాలుగైదు రోజుల్లో నురగ అడుగు మెత్తబడి పిల్లలు కింద నీళ్లలోకి జారతాయి. అందుకే అది ఎప్పుడూ నీళ్లకి సరిగ్గా పైనే కడుతుంది. ఇప్పుడు మీరు చూడాల్సింది నీటి మట్టం. మాలి నీళ్లు తోడి తొట్టి ఖాళీ చేస్తే పిల్లలు వట్టి సిమెంటు మీద పడతాయి. రెండు నెలలు సగానికి తగ్గకుండా చూడండి, క్లోరిన్ వెయ్యనివ్వకండి.

ఇరానీ_చాయ్
రెండు నెలలు నిలవ నీళ్లా? దోమలు పెంచుతున్నారని కాలనీ మీటింగులో మూర్తిగారి పేరే ముందు వస్తుంది. గంబూషియా చేపలు పది వదిలితే సరి.

ఆరుద్ర_కార్తె
వదిలితే దోమపిల్లలతో పాటు కప్పపిల్లలూ పోతాయి, గంబూషియాకి తేడా లేదు. తూనీగ పిల్లలు చేరిన తొట్టిలో దోమపిల్లలు తక్కువే ఉంటాయి, అవి వేటాడతాయి. అయినా అనుమానం ఉంటే వారానికోసారి టీ వడపోతతో పైపైన తేలే దోమపిల్లల్ని తియ్యండి. అవి నీళ్ల పైకొచ్చి తలకిందులుగా వేలాడతాయి, కప్పపిల్లలు గోడలు గీరుతూ ఉంటాయి. రెండూ కలిసిపోవు.

మెట్టుగూడ_మూర్తి
పిల్లకప్పలు బయటికి రావడానికి తొట్టిలో కర్ర ఏటవాలుగా పెట్టాలా?

ఆరుద్ర_కార్తె
చెట్టుకప్పకి అక్కర్లేదు, వేళ్ల కొసల్లో బిళ్లలుంటాయి, నిటారు గోడ ఎక్కేస్తుంది. అయినా పెట్టండి, నీళ్లు తాగబోయి జారిపడే ఉడతలకి పనికొస్తుంది. గరుకు బెరడు ఉన్న కర్ర, పై కొస తొట్టి అంచు దాటి రావాలి.